ఎవరి పక్కముఖం వాళ్ళకి తెలియదు: 163 నీడ బొమ్మలు కత్తిరించిన అనుభవం

"ఇది నేను కాదు" అంది ఆవిడ, చేతిలోని నల్ల కాగితం బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసుకుని. అప్పుడే కత్తిరించి ఇచ్చాను, కత్తెర ఇంకా కింద పెట్టలేదు. ఆ గడ్డం గీత కోసం చాలా జాగ్రత్తపడ్డానేమో, నాకు ఒక్కసారిగా గుండె జారిపోయింది. ఇంతలో వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పక్కింటావిడ లేచి వచ్చి, భుజం మీంచి తొంగి చూసి, "నువ్వు కాకపోతే ఇంకెవరే? మా వంటింటి కిటికీలోంచి రోజూ నాకు కనిపించేది ఈ ముఖమే" అంది.

మా ప్రాజెక్టు అప్పటికి ఆరు వారాలుగా నడుస్తోంది, సరిగ్గా నడవడం లేదని మాకూ తెలుసు, ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. ఆ మాటతో తెలిసింది. అద్దంలో మనకి ఎదురుగా ఉండే ముఖమే కనిపిస్తుంది, ఫోటోలకీ ఎదురుగానే నిలబడతాం. పక్కనుంచి మనం ఎలా ఉంటామో మనకంటే మన ఇరుగుపొరుగుకే బాగా తెలుసు. పక్కముఖం బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చెప్పగలిగేది ఆ మనిషి కాదు, ఆ మనిషిని రోజూ చూసేవాళ్ళు. మేమేమో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, బొమ్మ చేతికిచ్చి పంపించేస్తున్నాం!

అసలు పనేమిటో చెప్తాను. పక్కపక్కనే ఉన్న మూడు వీధుల్లో ఉండేవాళ్ళ, అక్కడ పనిచేసేవాళ్ళ నీడ బొమ్మలు చేత్తో కత్తిరించి, దగ్గర్లోని లైబ్రరీలో ఒక గోడ నిండా పెట్టాలన్నది ఆలోచన. కత్తెర పట్టేవాళ్ళం ముగ్గురం, పేర్లు రాసుకోవడానికి, కుర్చీలు సర్దడానికి మరో ఐదారుగురు. ఐదు నెలల్లో 200 మంది అనుకున్నాం. ఏడు నెలలు పట్టింది, 163 దగ్గర ఆగాం. మొదట పోస్టరు మీద "ఛాయాచిత్రాలు" అని రాశాం, ఆ మాటకి అక్షరాలా అర్థం అదే కదా అని. కానీ అది ఫోటోకి స్థిరపడిపోయిన మాట, జనం ఫోటోలు తీస్తారనుకుని తయారై వచ్చారు. "సిల్హౌట్" అంటే సగం మందికి తెలియలేదు. చివరికి "నీడ బొమ్మ" అన్నాం, ఇక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ సిల్హౌట్ అనే పేరు 1759లో ఫ్రాన్స్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఎటియెన్ డ సిల్హౌట్‌ది. ఆ పదవిలో ఉన్నది ఎనిమిది నెలలే, అయినా పొదుపు పేరుతో ఎంత పట్టుపట్టాడంటే, ఖర్చు తక్కువైన ప్రతిదానికీ ఆయన పేరు తగిలించడం మొదలుపెట్టారని చెప్తారు. రంగుల్లో చిత్రం గీయించుకునే స్తోమత లేనివాళ్ళకి, కెమెరా రాకముందు దొరికిన పోర్ట్రెయిట్ ఇదే. నేను ఈ పనిని ఇష్టపడేది కూడా అందుకే. ఒకే కాగితం, ఒకే నలుపు. ఒంటి రంగు కనిపించదు, బట్టల ఖరీదు కనిపించదు, ఎవరి బొమ్మైనా అరచేయంతే. గోడ మీద ఇంటి యజమానీ, ఆ ఇంట్లో పనిచేసే మనిషీ ఒకే సైజులో పక్కపక్కన ఉంటారు. ఇలాంటి ప్రాజెక్టుకి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు తెలియదు.

మొదటి నెల చేసిన తప్పు ఫోటోల మీద ఆధారపడటం. పక్కనుంచి ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, మేము కత్తిరించి ఇస్తాం అన్నాం. మాకు పని సులువు, వాళ్ళకి టైమ్ కలిసొస్తుంది అనుకున్నాం. 40 దాకా వచ్చాయి. తల కాస్త కెమెరా వైపు తిరిగి ఉంటే ఫోటోగా చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అంచు కత్తిరిస్తే ముక్కు పొట్టిదైపోతుంది, అవతలి కనుబొమ్మ నుదుటి మీద బొడిపెలా పొడుచుకొస్తుంది. అయినా ఆ లోపాలు దిద్దుకోవచ్చు. అసలు నష్టం వేరే ఉంది: ఎవరూ ఎవరినీ కలవలేదు. ఫోటో వచ్చింది, బొమ్మ కవర్లో వెళ్ళింది, "థాంక్యూ" అని మెసేజ్ వచ్చింది. 40 బొమ్మలు కత్తిరించాక కూడా ఆ వీధుల్లో నాకు ముఖపరిచయం అయినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆ 40 పక్కనపెట్టేసి, ఎవరైనా సరే వచ్చి కూర్చుంటేనే బొమ్మ అని నియమం పెట్టాం. కొంతమంది నొచ్చుకున్నారు, రెండోసారి రమ్మని ఇంటింటికీ వెళ్ళి అడగాల్సి వచ్చింది.

పిలిచి కూర్చోబెట్టడం మొదలయ్యాక రెండు పద్ధతుల్లో చేశాం. ఒకటి చూస్తూ నేరుగా కత్తిరించడం. అది నాకు వచ్చు, మిగతా ఇద్దరికీ అప్పుడే చెయ్యి తిరుగుతోంది. రెండోది దీపం వెలుగులో కాగితం మీద పడిన నీడ చుట్టూ పెన్సిల్‌తో గీసి, చిన్నది చేసి, కత్తిరించడం. ఈ రెండోది ఎవరైనా చేయొచ్చు, పిల్లలు కూడా చేశారు. కాకపోతే దీపం దగ్గర లెక్క తప్పితే ఏదీ కుదరదు, మేము రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాం.

గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుండగానే పని మొదలుపెట్టాం, నీడ అంచు పొగలా చెదిరిపోయింది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మసక. మనిషికీ కాగితానికీ మధ్య ఉన్న దూరాన్ని, దీపానికీ మనిషికీ మధ్య ఉన్న దూరంతో భాగించి, దీపం వెడల్పుతో గుణిస్తే ఆ మసక ఎంతుంటుందో తెలుస్తుంది. 5 సెంటీమీటర్ల బల్బు 3 మీటర్ల దూరంలో పెట్టి, కాగితానికి 15 సెంటీమీటర్ల దగ్గర మనిషిని కూర్చోబెడితే మసక రెండున్నర మిల్లీమీటర్లు. పెదవుల మధ్య సందు కూడా దాదాపు అంతే ఉంటుంది, అంటే నోరు పోయినట్టే. అదే ఒక సెంటీమీటరు ఉండే చిన్న ఎల్‌ఈడీ పెడితే అర మిల్లీమీటరే, అది పెన్సిల్ గీత మందం. దీపం అంత దూరంలో ఉంటే నీడ అసలు తల కంటే 5 శాతమే పెద్దది అవుతుంది, అదీ మంచిదే. గదిలో ఇంకో లైటు వెలగకూడదు, ఫోన్ స్క్రీన్ కూడా. తల కదలకుండా కుర్చీ వెనక ఒక కర్రకి మెత్తటి గుడ్డ చుట్టి ఆసరాగా పెట్టాం.

నేరుగా కత్తిరించేటప్పుడు ఈ సరంజామా అక్కర్లేదు. ఒకవైపు నలుపు, మరోవైపు తెలుపు ఉన్న పల్చటి కాగితం, నలుపు లోపలికి వచ్చేలా మడిచి పట్టుకుంటాను, ఒకే కోతకి రెండు బొమ్మలొస్తాయి. కత్తెర చిన్నది, పిడి పొడుగు, అలుగు పొట్టి. ఛాతీ దగ్గర మొదలుపెట్టి గొంతు మీదుగా గడ్డం, పెదవులు, ముక్కు, నుదురు, జుట్టు, చివరికి మెడ వెనక్కి వస్తాను. కుడిచెయ్యి దాదాపు కదలదు, తిరిగేది ఎడమచేతిలోని కాగితం. నేర్చుకునేవాళ్ళందరూ దీనికి తిరగేసి చేస్తారు, కాగితం బిగించి పట్టుకుని కత్తెరని తిప్పుతారు, గీత ఎక్కడికక్కడ విరిగిపోతుంది. ఇంకో సంగతి, కత్తెర మొనలు పూర్తిగా మూసుకోనివ్వకూడదు. మూసిన ప్రతిచోటా చిన్న గాటు పడుతుంది, అది ముక్కు మీద పడితే మచ్చలా కనిపిస్తుంది. పెదవుల మధ్య సందు లాంటి చోట్ల మాత్రం పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి వచ్చి కలపాలి. మొత్తం నాలుగైదు నిమిషాల పని.

ఆ నాలుగైదు నిమిషాల్లో ఏం జరుగుతుందో ఒక్కటి చెప్తాను. ఎనభై దాటిన పెద్దాయన వచ్చి కూర్చున్నారు, వెంట మనవరాలు. నేను కాగితం మడుస్తుంటే "ఆగమ్మా" అని కట్టుడు పళ్ళు తీసి చేతిరుమాలులో పెట్టుకున్నారు. మనవరాలు "తాతా, పెట్టుకో, బాగుండవు" అంది. ఆయన పెట్టుకున్నారు. పెదవి ముందుకొచ్చింది, దవడ నిండింది, పదేళ్ళు తగ్గినట్టున్నారు. నేను మొదలుపెట్టేలోపు మళ్ళీ తీసేశారు. "ఇంట్లో నేనుండేది ఇలాగే కదా, నువ్వూ నన్ను చూసేది ఇలాగే కదా" అన్నారు ఆ పిల్లతో. తను కాసేపు మాట్లాడలేదు, తర్వాత నా వైపు తిరిగి "అలాగే కత్తిరించండి" అంది. లోపలికి ముడుచుకున్న ఆ పెదవి గీత, ముక్కుకి దగ్గరగా పైకి లేచిన గడ్డం... అంత నెమ్మదిగా నేనింకెవరి నోరూ కత్తిరించలేదు. ఆ బొమ్మని గోడ మీద చూసి, పేరు చదవకుండానే ఆయన్ని గుర్తుపట్టనివాళ్ళు ఆ వీధిలో లేరు.

పక్కింటావిడ మాట తర్వాత మేము చేసిన మార్పు చిన్నదే. ఒక కుర్చీ బదులు రెండు వేశాం, తలుపు తీసి పెట్టాం, వంతు కోసం కూర్చునేవాళ్ళ బెంచీని కత్తిరించే బల్లకి ఎదురుగా జరిపాం. రెండో కుర్చీలో ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్ళు కూర్చోవాలి, బొమ్మ సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది వాళ్ళు. దాంతో గది గదిలా లేదు. "ముడి ఇంకా కిందికి వేసుకుంటుంది", "ఈయన తల ఎప్పుడూ కొంచెం ముందుకి వంచి నడుస్తాడు, అది తేవాలి" అని ఒకటే మాటలు. ఈ చివరిది చాలా పెద్ద పాఠం నాకు. పక్కముఖంలో పోలిక ముక్కులో ఎంత ఉంటుందో మెడలోనూ అంతే ఉంటుంది. మెడ ఎంత వంగుతుంది, గడ్డం ఎంత ఎత్తి పెట్టుకుంటారు, అవి కత్తిరించేవాళ్ళకి కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషిలో దొరకవు, ఎరిగినవాళ్ళు చెప్పాల్సిందే.

ఈ ఉత్సాహంలోనే ఒక పొరపాటు చేశాం, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. బొమ్మలు పేర్లు లేకుండా పెట్టి, కింద కాగితం ముక్కలు, పెన్ను పెట్టాం, ఎవరో గుర్తుపట్టినవాళ్ళు పేరు రాసి అతికించాలని. వారం రోజుల్లో ఒక్కో బొమ్మ కింద పది, పదిహేను ముక్కలు చేరాయి. పిల్లలైతే పోటీపడ్డారు. ఒక్క బొమ్మ కింద మాత్రం ఏమీ లేదు. రెండో వీధి చివర ఒక భవనానికి రాత్రి కాపలా కాసే ఆయనది. ఆరేళ్ళుగా అక్కడే పని. ఆదివారం ఆయనే వచ్చారు చూసుకోవడానికి. పక్క బొమ్మల కింద గుత్తులుగా ఉన్న పేర్లు చూశారు, తన బొమ్మ కింద చూశారు. ఏమీ అనలేదు. నేను గబగబా వెళ్ళి ఏదో చెప్పబోతే, "రాత్రిపూట మనిషిని గదా" అన్నారు, అంతే.

ఆ రోజే ముక్కలన్నీ తీసేసి, ప్రతి బొమ్మ కింద పేరు మేమే రాసి పెట్టాం. కానీ ఆయన మాటలో మా తప్పు ఇంకొకటి ఉంది. మేము పిలిచింది ఆదివారం పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా. రాత్రంతా మేల్కొనేవాళ్ళు నిద్రపోయే టైమ్ అది. తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, షిఫ్టుల మీద వెళ్ళే నర్సులు, వీళ్ళెవరూ మా లిస్టులో లేకపోవడం మేము అప్పటిదాకా గమనించనే లేదు. మూడు వీధుల ముఖాలు అని చెప్పుకుంటూ ఆదివారం తీరిక ఉన్నవాళ్ళ ముఖాలు మాత్రమే పెట్టాం. నెలకి రెండు శనివారాలు రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా లైబ్రరీ తెరిపించాం, అనుమతికి మూడు వారాలు తిరగాల్సి వచ్చింది. రాత్రిపూట ఇంకో లాభం కలిసొచ్చింది: కర్టెన్ల గొడవ లేదు, గది సహజంగానే చీకటి, నీడలు కత్తితో గీసినట్టు పడ్డాయి. 163లో 38 అలా వచ్చినవే.

పేర్ల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ కళ చరిత్రలో పేరు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది. ఫిలడెల్ఫియాలో చార్ల్స్ విల్సన్ పీల్ నడిపిన మ్యూజియంలో మోజెస్ విలియమ్స్ అనే ఆయన వేలకొద్దీ పక్కముఖాలు కత్తిరించాడు. పీల్ ఇంట్లో బానిసగా పెరిగి, 1802లో విముక్తి పొందినవాడు. బొమ్మల మీద పడిన ముద్ర మాత్రం మ్యూజియానిది, ఆయన పేరు ఉండదు. అందుకే మేము వెనకవైపు కూర్చున్న మనిషి పేరు, తేదీ, వాటితోపాటు కత్తిరించినవాళ్ళ పేరు కూడా రాశాం, పన్నెండేళ్ళ పిల్లవాడు కత్తిరించినా సరే.

రెండో కాపీ దాచడం మాత్రం ఒగస్ట్ ఎడ్వార్ట్ దగ్గర నేర్చుకున్నది. పక్కముఖం గీత తీసే మెషీన్ల జోలికి పోకుండా ఒట్టి కత్తెరతో పనిచేసిన ఫ్రెంచివాడు, ప్రతి బొమ్మా రెండేసి కత్తిరించి, ఒకటి తన ఆల్బమ్‌లో పేరూ తేదీతో సహా పెట్టుకునేవాడు. 1839 నుంచి పదేళ్ళు అమెరికాలో తిరిగి, తిరిగొస్తుంటే 1849 డిసెంబరులో ఇంగ్లీష్ ఛానెల్‌లోని గెర్న్సీ దీవి తీరం దగ్గర ఓడ పగిలి, ఆ ఆల్బమ్‌లు చాలావరకు సముద్రం పాలయ్యాయి. మిగిలిన కొన్నిటి వల్లే ఆ కాలం మనుషుల ముఖాలు పేర్లతో సహా ఇవాళ మనకి తెలుస్తున్నాయి.

మాకూ ఆ రెండో కాపీలు అనుకున్నదానికంటే ముందే పనికొచ్చాయి. కిటికీ పక్కన పెట్టిన 31 బొమ్మలు రెండు నెలల్లో నలుపు పోయి మాసిన గోధుమరంగులోకి మారాయి. క్రాఫ్ట్ పనులకి అమ్మే మామూలు నల్ల కాగితం అది, ఎండ తగిలితే రంగు నిలవదు. కొనేముందు ఒక ముక్క సగం కప్పి కిటికీలో రెండు వారాలు పెట్టి చూస్తే తెలిసిపోయేది, మేము చూడలేదు. ఆల్బమ్‌లోని కాపీల చుట్టూ గీసుకుని, ఆమ్లం లేని మంచి కాగితంతో ఆ 31 మళ్ళీ కత్తిరించాం. జిగురూ ఇబ్బంది పెట్టింది. నీళ్ళ జిగురు రాస్తే పల్చటి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, అందుకని గ్లూ స్టిక్ పల్చగా రాసి, పైన తెల్లకాగితం వేసి, బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచాం.

ఒకాయన భార్య, బొమ్మ కత్తిరించిన రెండు నెలలకి చనిపోయింది. ఇంట్లో ఉన్న కాపీ ఫ్రేమ్ కట్టించుకున్నారు. ఆల్బమ్‌లోది కూడా కూతురి కోసం అడిగారు. ఆల్బమ్ నుంచి ఏదీ తీయకూడదని మేమే పెట్టుకున్న నియమం, ఆరోజు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తీసి ఇచ్చేశాను. ఆ పేజీలో పేరు, తేదీ అలాగే ఉన్నాయి.

ఒప్పుకోనివాళ్ళనీ గౌరవించాలి. ముఖానికి ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి వచ్చి, మూడు ఆదివారాలు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయింది. ఎవరూ బలవంతపెట్టలేదు. నాలుగోసారి వచ్చి "వెనకనుంచి కత్తిరిస్తారా?" అని అడిగింది. మెడ, భుజాలు, ఒకవైపు వేసుకున్న జడ. మా గోడ మీద ముఖం లేని బొమ్మ అదొక్కటే. వాళ్ళ స్నేహితురాళ్ళు దూరం నుంచే గుర్తుపట్టారు. తల కప్పుకునేవాళ్ళు కొందరు ఆ గుడ్డ అంచుతోనే కత్తిరించమన్నారు, అలాగే చేశాం.

"ఈ ముక్కుని బట్టి మా అబ్బాయి ఎలాంటివాడో చెప్పండి" అని అడిగేవాళ్ళు తరచూ వస్తారు. వాళ్ళకి స్పష్టంగా చెప్పేయాలి. 1770లలో స్విట్జర్లాండ్‌లో లావాటర్ అనే పాస్టరు, నుదురు, ముక్కు గీతల్ని బట్టి మనిషి గుణం చెప్పొచ్చని పెద్ద పెద్ద గ్రంథాలు వేశాడు, యూరప్ అంతా నమ్మింది. ముఖాల్ని కొలిచి మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా విడగొట్టిన తర్వాతి కాలపు ఆలోచనలకి అలాంటి రాతలే దారి వేశాయి. నేను కత్తిరించే అంచులో పోలిక ఉంటుంది, గుణం ఉండదు. ఈ మాట పిల్లల ముందు మరీ గట్టిగా చెప్తాను.

మళ్ళీ మొదలుపెడితే మొదటి రోజు నుంచే రాత్రి వేళలు పెడతాను, కిటికీ గోడ వదిలేస్తాను, 200 అన్న అంకె పెట్టుకోను. ఆ అంకె కోసమే మొదట్లో ఫోటోల దారి పట్టాం.

ఆ రాత్రి కాపలా ఆయన తర్వాతి శనివారం తనతోపాటు డ్యూటీ చేసే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళ బొమ్మలు అయ్యేదాకా రెండో కుర్చీలో కూర్చుని, ఒకరి చెవి విషయంలో నన్ను రెండుసార్లు సరిదిద్దారు, ఆయన చెప్పిందే కరెక్ట్. ఇప్పుడు రాత్రి కూర్చోబెట్టే రోజుల్లో ఎల్‌ఈడీ పెట్టేది ఆయనే. నేల మీద సుద్దముక్కతో గుర్తు గీసి పెట్టుకున్నారు, మూడు మీటర్లు, ఎవరైనా కాలితో చెరిపేస్తే ఊరుకోరు.